బ్లూగ్రాస్, జానపద కచేరీలు, జామ్‌లు, ఉత్సవాలు: నార్త్ కరోలినా తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

కేరీ, మోరిస్‌విల్, అపెక్స్ చుట్టుపక్కల మనవాళ్ళు నన్ను పదే పదే అడిగే ప్రశ్నలివి. ప్రతిసారీ వాట్సాప్‌లో అదే సమాధానం టైపు చేయలేక ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, వరుసగా చదవక్కర్లేదు. జామ్ అంటే వాద్యకారులు గుండ్రంగా కూర్చుని కలిసి వాయించుకునే కూటం అని మాత్రం గుర్తుంచుకోండి. తేదీలు, వేళలు ఏటా మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు నిర్వాహకుల సైటు ఒకసారి చూసుకోండి.

## అసలు ఏమిటీ సంగీతం

బ్లూగ్రాస్ అంటే కంట్రీ మ్యూజిక్కే కదా?

దగ్గర చుట్టాలే గానీ ఒకటి కాదు. కెంటకీలో రోజీన్ అనే ఊళ్ళో 1911లో పుట్టిన బిల్ మన్రో, మాండలిన్ వాయిస్తూ గొంతెత్తి పాడేవాడు. తన రాష్ట్రానికి ఉన్న ముద్దుపేరు మీద బృందానికి 'బ్లూ గ్రాస్ బాయ్స్' అని పేరు పెట్టుకున్నాడు. తర్వాత సంగీతానికీ అదే పేరు స్థిరపడింది. 1945 చివర్లో ఆ బృందంలోకి ఎర్ల్ స్క్రగ్స్ అనే కుర్రాడు వచ్చి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలితో బాంజోని గలగలలాడించాక మనం ఇవాళ బ్లూగ్రాస్ అంటున్న ధ్వని తయారైంది. స్క్రగ్స్ మన నార్త్ కరోలినావాడే, షెల్బీ దగ్గరి పల్లెవాడు. షెల్బీలో పాత కోర్టు భవనంలో అతని పేరిట మ్యూజియం ఉంది, 2014లో తెరిచారు. గిటారు, బాంజో, మాండలిన్, ఫిడిల్, నిలువెత్తు బాస్, కొన్నిసార్లు డోబ్రో అనే ఒకరకం గిటారు: ఇవీ వాద్యాలు. డ్రమ్స్ ఉండవు. రేడియోలో వచ్చే కంట్రీ పాటకీ దీనికీ తేడా అక్కడే సగం తెలిసిపోతుంది.

ఓల్డ్-టైమ్ అంటారు, బ్లూగ్రాస్ అంటారు. నాకు తేడా వినిపించట్లేదు. ఎలా గుర్తుపట్టాలి?

చెవి కంటే ముందు కన్నుతో గుర్తుపట్టండి. ఒకరి తర్వాత ఒకరు ముందుకొచ్చి వాయిస్తుంటే, మిగతావాళ్ళు గొంతు తగ్గించి తోడుగా ఉంటే అది బ్లూగ్రాస్. అందరూ ఒకే ట్యూనుని, ఒకేసారి, కళ్ళు మూసుకుని పది నిమిషాలు తిప్పి తిప్పి వాయిస్తుంటే అది ఓల్డ్-టైమ్. త్యాగరాజ ఆరాధనలో పంచరత్నాలు అందరూ కలిసి పాడతారు చూడండి, అలాగన్నమాట. అక్కడ ఎవరూ విడిగా వినబడాలని కోరుకోరు.

బాంజోలు కూడా వేరు. బ్లూగ్రాస్ బాంజో వెనక రెజొనేటర్ అనే చెక్క పళ్ళెం ఉంటుంది, ధ్వని ముందుకు దూసుకొస్తుంది. ఓల్డ్-టైమ్ బాంజోకి వీపు ఖాళీ. దాన్ని చేతిని పంజాలా వంచి గోటితో కిందికి కొడుతూ వాయిస్తారు, ఆ పద్ధతిని క్లాహామర్ అంటారు. ఓల్డ్-టైమ్ పాతది, నాట్యం కోసం పుట్టింది. బ్లూగ్రాస్ రేడియో, వేదికల కాలంలో పుట్టింది. రెండు వర్గాల వాళ్ళూ ఒకరి మీద ఒకరు జోకులు వేసుకుంటారు, మీరు మాత్రం మొదట్లోనే ఏ పక్షంలోనూ చేరకండి.

ఇదంతా కొండ ప్రాంతపు తెల్లవాళ్ళ సంగీతం కదా?

కాదు. ఈ అపోహ పోవాలని నాకు చాలా పట్టుదల, అందుకే కొంచెం పొడుగ్గా చెబుతాను. బాంజో ఆఫ్రికా సంతతి వాద్యం. పశ్చిమ ఆఫ్రికాలో సెనెగల్, గాంబియా ప్రాంతపు అకాంటింగ్ లాంటి సొరకాయ బుర్ర వాద్యాల జ్ఞాపకంతో, బానిసలుగా తెచ్చిన మనుషులు కరీబియన్ దీవుల్లోనూ అమెరికాలోనూ చేసుకున్నది. పొట్టి అయిదో తీగ మన శ్రుతి తీగలా ఒకే స్వరం మీద మోగుతూ ఉండటం కూడా ఆ వారసత్వమే. ఫిడిల్ యూరప్ నుంచి వచ్చింది. ఈ రెండూ కలిసిన చోటే దక్షిణాది సంగీతం మొదలైంది.

కేరీ నుంచి ముప్పావు గంట దూరంలో మెబేన్ ఉంది. అక్కడ జో థాంప్సన్ అనే నల్లజాతి ఫిడ్లర్ 2012లో పోయేదాకా ఈ సంప్రదాయాన్ని బతికించాడు. 2005లో బూన్‌లో జరిగిన బ్లాక్ బాంజో గ్యాదరింగ్ తర్వాత రియానన్ గిడెన్స్, డామ్ ఫ్లెమన్స్, జస్టిన్ రాబిన్సన్ అనే ముగ్గురు యువకళాకారులు ఆయన ఇంటికి వెళ్ళి కూర్చుని నేర్చుకుని, కరోలినా చాక్లెట్ డ్రాప్స్ అనే బృందం కట్టారు. వాళ్ళకి గ్రామీ వచ్చింది. గ్రీన్స్‌బరోకి చెందిన గిడెన్స్ 2025 ఏప్రిల్‌లో డరమ్‌లో 'బిస్కెట్స్ అండ్ బాంజోస్' పేరుతో ఒక ఉత్సవమే నడిపింది. కార్బరోలో పుట్టిన ఎలిజబెత్ కాటన్ సంగతీ తెలుసుకోండి. ఆమెది ఎడమచేతి వాటం. కుడిచేతి వాళ్ళ గిటారుని తీగలు మార్చకుండా తలకిందులుగా పట్టుకుని వాయించేది, మంద్ర తీగలకి వేళ్ళు, పై తీగకి బొటనవేలు. ఆ పద్ధతిని ఇప్పటికీ జనం నేర్చుకుంటున్నారు.

కొన్ని ట్యూన్లు మోహనలా వినిపిస్తున్నాయి. నా భ్రమా?

భ్రమ కాదు. ఈ సంగీతంలో అయిదు స్వరాల ట్యూన్లు బోలెడు, వాటిలో చాలావాటికి స రి గ ప ద అన్న మోహన స్వరాలే సరిపోతాయి. 'ఓల్డ్ జో క్లార్క్' అనే పాత ట్యూను స్వరాలు చూస్తే హరికాంభోజి మేళం. కానీ రాగం అనేయకండి. ఇక్కడ కింద కార్డులు (ఒకేసారి కలిపి పలికించే స్వరాల గుంపులు) మారుతుంటాయి, ట్యూను వాటి మీద నడుస్తుంది. మోహనలో గాంధారం మీద మనం నిలిచే తీరు, ధైవతం నుంచి జారే తీరు ఇక్కడ వెతికితే దొరకవు. స్వరాలు పరిచయమైనవి కాబట్టి చెవికి త్వరగా పడుతుంది, అంతవరకే.

## కచేరీలకి వెళ్ళేటప్పుడు

మాకు దగ్గర్లో ఎక్కడ జరుగుతాయి?

రాలీలో పైన్‌కోన్ అనే సంస్థ ఉంది, 1984 నుంచి సంప్రదాయ సంగీతం కోసమే పనిచేస్తోంది. వాళ్ళ క్యాలెండరు ఒక్కటి చూస్తే చాలు, కచేరీలు, జామ్‌లు, పిల్లల క్యాంపులు అన్నీ కనిపిస్తాయి. పెద్ద బృందాలు కార్బరోలోని క్యాట్స్ క్రేడిల్‌కి, హా నది ఒడ్డున సాక్సపహాలోని హా రివర్ బాల్‌రూమ్‌కి వస్తుంటాయి. ఆ రెండోది పాత నూలు మిల్లులో రంగులద్దే షెడ్డు, దాన్నే హాలుగా మార్చారు. ఇలాంటి చోట్ల కుర్చీలు ఉండని రోజులే ఎక్కువ. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని తీసుకెళ్ళేటట్టయితే సీటింగ్ ఉందా అని ముందే కనుక్కోండి.

వరల్డ్ ఆఫ్ బ్లూగ్రాస్ ఇంకా రాలీలోనే జరుగుతోందా?

లేదు. అంతర్జాతీయ బ్లూగ్రాస్ సంఘం వాళ్ళ వార్షిక వేడుక 2013 నుంచి 2024 వరకు రాలీలో జరిగింది, 2025లో టెనెసీలోని చాటనూగాకి వెళ్ళిపోయింది. దాని బదులు 2025 అక్టోబరులో డౌన్‌టౌన్‌లో 'రాలీ వైడ్ ఓపెన్' అని సొంత ఉత్సవం మొదలుపెట్టారు. ఇందులో బ్లూగ్రాస్‌తో పాటు వేరే సంగీతాలూ ఉన్నాయి.

చప్పట్లు ఎక్కడ కొట్టాలో తెలియట్లేదు. అందరూ పాట మధ్యలో కొడుతున్నారు!

ఒక్కొక్కరి సోలో అయిపోగానే కొట్టాలి. దాన్ని ఇక్కడ బ్రేకు అంటారు. తని ఆవర్తనం దాకా ఆగే అలవాటు మనది, అందుకే మొదట్లో చెయ్యి లేవదు. తాళంగా చప్పట్లు కొట్టేటట్టయితే ఒక జాగ్రత్త: బాస్ 'దుం' అన్నప్పుడు కాదు, మాండలిన్ 'చక్' అన్నప్పుడు కొట్టాలి. మనం సహజంగా సమం మీదే కొట్టేస్తాం. అనుమానంగా ఉంటే పాదం ఆడించి ఊరుకోండి.

అందరూ ఒకే మైకు చుట్టూ ఎందుకు తోసుకుంటున్నారు? సౌండు సిస్టమ్ లేదా?

ఉంది. అది 1940ల రేడియో స్టూడియో పద్ధతి, కొన్ని బృందాలు కావాలనే పాటిస్తాయి. ఎవరి బ్రేకు వస్తే వాళ్ళు మైకు దగ్గరికి జరుగుతారు, అయ్యాక పక్కకి తప్పుకుంటారు. ధ్వని ఎంత రావాలో నాబ్ తిప్పి కాదు, అడుగు వేసి నిర్ణయించుకుంటారు. ఫిడిల్ విల్లు ఎవరి కంట్లోనూ పొడుచుకోకుండా అయిదుగురు అలా తిరగడం చూడటానికే నేను కొన్ని కచేరీలకి వెళతాను.

టికెట్ లేదన్నారు. అయినా డబ్బు ఇవ్వాలా?

ఇవ్వాలి. టోపీయో డబ్బానో తిరుగుతుంది, లేదా ఫోనుతో పంపే కోడు పెడతారు. మనిషికి 10 నుంచి 20 డాలర్లు వేస్తే మర్యాదగా ఉంటుంది. ఎవరింట్లోనో జరిగే కచేరీ అయితే ఆ డబ్బు దాదాపు ఎప్పుడూ నేరుగా కళాకారుడికే వెళుతుంది.

## జామ్‌లో కూర్చునేటప్పుడు

నాకు ఏ వాద్యమూ రాదు. జామ్‌కి వెళితే బాగుంటుందా?

బాగుంటుంది. నిజానికి కచేరీ కంటే ముందు జామ్‌కే వెళ్ళమంటాను. వేదిక మీద చూసేది ఈ సంగీతానికి ఒక ముఖం మాత్రమే. ఇది పెరిగింది వసారాల్లో, క్షవరశాలల్లో, కిరాణా కొట్ల ముందు గుండ్రంగా కూర్చున్న చోట. బయటి వరుసలో కుర్చీ వేసుకుని వినండి. లోపలి వలయం వాయించేవాళ్ళది, అందులో ఖాళీ కనబడినా కూర్చోకండి. పాట అయ్యాక 'ఆ ట్యూను పేరేంటి?' అని అడిగితే ఎవరైనా సంతోషంగా చెబుతారు. పాట నడుస్తుండగా మీలో మీరు మాట్లాడుకుంటే మాత్రం చూపులు తిరుగుతాయి.

వలయంలో ఎవరు ఎప్పుడు వాయించాలో ఎలా తెలుస్తోంది? ఎవరూ మాట్లాడట్లేదే!

కళ్ళతో, కాళ్ళతో మాట్లాడుకుంటారు. బ్లూగ్రాస్ జామ్‌లో ఎవరి వంతు వస్తే వాళ్ళు పాట ఎంచుకుని కీ చెబుతారు: జి, ఎ, బి, డి లాంటివి. కీ అంటే శ్రుతి అనుకోండి. వాళ్ళే ఎత్తుకుంటారు, ఒక చరణం పాడాక పక్కవాడి వైపు తల ఊపుతారు. అంటే బ్రేకు నీది అని. అలా చుట్టూ తిరుగుతుంది. కార్డులు 1, 4, 5 అని అంకెల్లో చెప్పుకుంటారు, శ్రుతి మారినా లెక్క మారదు కాబట్టి. తెలియని పాట వస్తే అందరూ గిటారు వాయించేవాడి ఎడమచేతిని చూస్తారు. నాయకుడు ఒక కాలు పైకెత్తితే 'ఇదే ఆఖరు' అని అర్థం. ఓల్డ్-టైమ్‌లో వంతులూ బ్రేకులూ లేవు. ఫిడిల్ ముందు నడుస్తుంది, ట్యూను మొదటి భాగం రెండుసార్లు, రెండో భాగం రెండుసార్లు, మళ్ళీ మొదటికి. ఎప్పుడు ఆపాలన్నది ఫిడ్లర్ కాలే చెబుతుంది.

నా వైపు తల ఊపారు. నాకు బ్రేకు వాయించడం రాదు. పరువు పోతుందా?

పోదు. చిన్నగా తల అడ్డంగా ఊపితే చాలు, పక్కవాళ్ళకి వెళ్ళిపోతుంది.

తబలా గానీ మృదంగం గానీ తీసుకెళ్ళొచ్చా? ఫ్యూజన్ బాగుంటుంది కదా!

కచేరీలో అద్భుతంగా ఉంటుంది. బాంజో వాయించే బేలా ఫ్లెక్, తబలా జాకిర్ హుస్సేన్, బాస్ ఎడ్గర్ మేయర్ కలిసి చేసినవి ఎవరైనా వినాల్సినవే. కానీ ఊళ్ళో జరిగే జామ్‌కి మాత్రం పట్టుకెళ్ళకండి. తాళం పని అక్కడ బాస్, మాండలిన్, గిటారు ముందే పంచుకున్నాయి. కొత్తగా ఇంకో తాళవాద్యం వస్తే వాళ్ళకి ఒకరి మాట ఒకరికి వినబడదు. ఇది మీ తబలా మీద చిన్నచూపు కాదు, అమెరికన్ డ్రమ్ముకీ అక్కడ చోటు లేదు. నెలల తరబడి పరిచయమయ్యాక ఎవరింట్లోనో 'ఒకసారి తీసుకురా' అంటారు. అప్పుడు తీసుకెళ్ళండి.

మా అమ్మాయి కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది. ఫిడిల్ జామ్‌లో వాయించగలదా?

వాయించగలదు, ఒక చిక్కు విప్పుకుంటే. వాద్యం ఒకటే, శ్రుతి చేసే తీరు వేరు. మన వయొలిన్ తీగలు స ప స ప. ఇక్కడి ఫిడిల్ జి డి ఎ ఇ, అంటే ప్రతి తీగకీ మధ్య సమానంగా స-ప దూరం. దాంతో మధ్య తీగ దాటేసరికి అలవాటైన వేలు తప్పు స్వరం మీద పడుతుంది.

అయితే ఓల్డ్-టైమ్ ఫిడ్లర్లు ఎ కీ ట్యూన్లకి తీగల్ని ఎ ఇ ఎ ఇ అని మార్చి కడతారు. దీన్ని క్రాస్ ట్యూనింగ్ అంటారు. ఎ ని షడ్జం అనుకుని చూడండి: అచ్చం మన స ప స ప! మౌంట్ ఏరీ దగ్గరి రౌండ్ పీక్ పద్ధతిలో, టామీ జారెల్ లాంటి వాళ్ళ వాయింపులో ఈ శ్రుతి చాలా వాడుక. కాబట్టి మీ అమ్మాయిని బ్లూగ్రాస్ కంటే ముందు ఓల్డ్-టైమ్ జామ్‌కి తీసుకెళ్ళండి. వేళ్ళకి కొత్త దారి నేర్పనక్కర్లేదు. ఒకే వయొలిన్‌ని రోజూ ఇటూ అటూ మార్చి కడితే తీగలు తెగుతాయి, శ్రుతి నిలవదు. ఇంట్లో పాత వయొలిన్ ఉంటే దాన్ని దీనికే కేటాయించండి.

కూర్చునే తీరు సంగతి: కుర్చీలో కూర్చుంటే వాద్యపు తలని పాదం మీద ఆనించడం కుదరదు. పాతకాలపు ఫిడ్లర్లు చాలామంది గడ్డం కింద కాకుండా ఛాతీకి ఆనించి పట్టుకునేవారు, కాబట్టి ఎలా పట్టుకున్నా ఎవరూ ఏమీ అనరు. గురువుగారికి మాత్రం ముందే ఒక మాట చెప్పండి. గమకాల దశలో ఉన్న పిల్లల చేతికి ఇది కలగాపులగం అవుతుందని కొందరు గురువులు ఒప్పుకోరు, వాళ్ళ మాటలో కొంత నిజం ఉంది.

మాండలిన్ అంటే మాకు మన పాలకొల్లు శ్రీనివాస్ గారే. ఇక్కడిదీ అదే వాద్యమా?

కుటుంబం ఒకటే. ఉప్పలపు శ్రీనివాస్ వాయించింది ఎలక్ట్రిక్ మాండలిన్, విడి తీగలది. అందుకే గమకం లాగడానికి వీలైంది. బ్లూగ్రాస్ మాండలిన్‌కి కరెంటు లేదు, ఎనిమిది తీగలు జంటలు జంటలుగా ఉంటాయి. జంట తీగని లాగడం కష్టం, కాబట్టి స్వరాన్ని గబగబా మీటుతూ నిలబెడతారు. సోలో లేనప్పుడు దాని పని 'చక్' మని కొట్టి వెంటనే వేళ్ళు వదులుచేసి మోత ఆపేయడం. డ్రమ్ము లేని లోటు అదే తీరుస్తుంది.

సగం పాటలు యేసు మీదే ఉంటున్నాయి. హిందువులం, ముస్లింలం కూర్చోవచ్చా?

కూర్చోవచ్చు. చర్చి పాటలు ఈ సంప్రదాయంలో విడదీయలేని భాగం. ఉత్సవాల్లో ఆదివారం పొద్దున పూర్తిగా అవే ఉంటాయి. మతం మార్చడానికి ఎవరూ పాడరు, అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నవి కాబట్టి పాడతారు. పాడాలనిపించకపోతే ఊరికే వినండి. నాలుగు గొంతుల శ్రుతి ఎలా కలుస్తుందో వినడానికి అసలు ఇవే మంచి పాటలు. మన తెలుగు క్రైస్తవ కుటుంబాల వాళ్ళకైతే కొన్ని వరసలు ముందే తెలిసి ఉంటాయి.

వీడియో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టొచ్చా?

అడిగి తీయండి. నేర్చుకోవడం కోసం ఫోనులో ధ్వని రికార్డు చేసుకుంటామంటే సాధారణంగా సరే అంటారు. ముఖాలు కనిపించేలా లైవ్ పెట్టడం వేరే సంగతి.

మనలాంటి వాళ్ళు కనిపిస్తారా? వింతగా చూడరు కదా?

కేరీ, డరమ్ జామ్‌లలో అక్కడక్కడా కనిపిస్తారు. కొండల వైపు వెళ్ళేకొద్దీ మీరొక్కరే అయ్యే అవకాశం ఎక్కువ. చూస్తారు, నిజమే. చూశాక 'ఎక్కడి నుంచి వచ్చారు, ఏం వాయిస్తారు' అని అడుగుతారు. రెండో ప్రశ్నకి జవాబు ఉంటే మొదటిది మర్చిపోతారు. రాజకీయ జెండాలు, స్టిక్కర్లు కనిపించడం మామూలే. వాటి గురించి ఎవరి అభిప్రాయం వారిది. జామ్ వలయంలో ఆ కబుర్లు ఎత్తకపోవడం అక్కడివాళ్ళు కూడా పాటించే పద్ధతి.

## ఉత్సవాలకి, ఊళ్ళకి

మొదటిసారి. ఏ ఉత్సవానికి వెళ్ళమంటారు?

మీరెవరన్నదాన్ని బట్టి ఉంటుంది. చిన్న పిల్లలుండి, రాత్రికి ఇంటికి వచ్చేయాలనుకుంటే పిట్స్‌బరో దగ్గర షకోరి హిల్స్ ఉత్సవం. వసంతంలో ఒకసారి, శరదృతువులో ఒకసారి, కేరీ నుంచి గంటలోపే. పొలంలో జరుగుతుంది. బ్లూగ్రాస్ మాత్రమే కాదు, ఆఫ్రికన్ బృందాలు, లూసియానా వాళ్ళ జైడెకో సంగీతం అన్నీ వస్తాయి.

పెద్ద పేర్లు వినాలంటే ఏప్రిల్ చివర విల్క్స్‌బరోలో మెర్ల్‌ఫెస్ట్. పసితనంలోనే చూపు పోయినా గిటారు వాయింపునే మార్చేసిన డాక్ వాట్సన్ కొడుకు మెర్ల్ 1985లో పోయాడు, అతని జ్ఞాపకంగా 1988లో ఇది మొదలైంది. కమ్యూనిటీ కాలేజీ ప్రాంగణంలో నాలుగు రోజులు, పది దాకా వేదికలు, వచ్చిన డబ్బు ఆ కాలేజీకే. మంచిదే, కానీ మొదటిసారి వెళ్ళినవాళ్ళు పెద్ద వేదిక ముందు కూర్చుండిపోయి చిన్న గుడారాల్లో జరిగే అసలు సరదా వదులుకుంటారు. మధ్యాహ్నాలు చిన్న వేదికలకి కేటాయించండి.

నన్నడిగితే జూన్ మొదటి వారాంతంలో జరిగే మౌంట్ ఏరీ ఫిడ్లర్స్ కన్వెన్షన్ అంటాను. కేరీ నుంచి రెండు గంటలు, రెండుంపావు. 1972 నుంచి జరుగుతోంది. వేదికని మర్చిపోయి గుడారాల మధ్య నడవండి. ప్రతి ఇరవై అడుగులకీ ఒక వలయం, ఒక్కో వలయంలో ఒక్కో ట్యూను. మనకంటూ సీటు లేని కచేరీ అంటే అదే.

ఫిడ్లర్స్ కన్వెన్షన్ అంటే మీటింగా?

పోటీ. ఫిడిల్, బాంజో, మాండలిన్, నాట్యం, బృందం అని విభాగాలు. ఒక్కొక్కరు ఒక్కో ట్యూను వాయించి దిగిపోతారు. వర్జీనియాలోని గేలక్స్‌లో ఫెల్ట్స్ పార్కులో 1935 నుంచి జరుగుతున్నది పేరున్నది. ఆగస్టు రెండో వారంలో, వారమంతా. అర్ధరాత్రి దాటినా వేదిక మీద పోటీదారులు వస్తూనే ఉంటారు. వచ్చిన జనంలో చాలామందికి బహుమతి మీద ధ్యాస ఉండదు, ఏటా అదే చోట గుడారం వేసుకుని పాత స్నేహితులతో వాయించుకోవడానికే వస్తారు.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చారు. పొలంలో కూర్చోలేరు. వాళ్ళకేమైనా ఉందా?

శనివారం పొద్దున మౌంట్ ఏరీకి తీసుకెళ్ళండి. అక్కడ డబ్ల్యు-పి-ఎ-క్యు అనే రేడియో కేంద్రం 1948 నుంచి నడుస్తోంది. వాళ్ళ 'మెర్రీ-గో-రౌండ్' కార్యక్రమం ఎర్ల్ థియేటర్లో జనం ముందే ప్రత్యక్షంగా ప్రసారమవుతుంది. మెత్తని సీట్లు, ఏసీ, శుభ్రమైన బాత్రూములు. ఆకాశవాణి వింటూ పెరిగిన తరానికి రేడియో కార్యక్రమం కళ్ళముందు జరుగుతుంటే ఎక్కడలేని ఉత్సాహం వస్తుంది. భోజనం అయ్యాక ఊరి వీధి ఒక చివర నుంచి ఇంకో చివరకి నడవడానికి అరగంట చాలు.

శాకాహారులం. తినడానికి ఏముంటుంది?

పెద్దగా ఏమీ ఉండదు, తెచ్చుకోండి. నార్త్ కరోలినాలో బార్బెక్యూ అంటే పంది మాంసమే. పొరపాటు జరిగేది మాత్రం పక్కన పెట్టే వాటి దగ్గర: చిక్కుడు గింజలు, ఆకుకూర, గ్రీన్ బీన్స్ చూడ్డానికి శాకాహారంలా ఉంటాయి గానీ తరచుగా పంది కొవ్వు వేసి ఉడికిస్తారు. అడగండి, నిజం చెబుతారు. ఉత్త ఉప్పునీళ్ళలో ఉడకబెట్టిన వేరుశనగలు మాత్రం నిశ్చింతగా తినొచ్చు, అచ్చం మన ఊళ్ళోవే. పులిహోర బయట రోజంతా నిలుస్తుంది. బయటి తిండి లోపలికి రానివ్వని ఉత్సవాలూ ఉన్నాయి, ముందే చూసుకోండి.

కుర్చీ తీసుకెళ్ళాలంటారు. ఏ కుర్చీ?

వీపు పొట్టిగా, నేలకి దగ్గరగా ఉండేది. ఎత్తు కుర్చీలకి చాలాచోట్ల వెనక భాగంలోనే చోటు. పొద్దున్నే కుర్చీ వేసి వెళ్ళిపోయినా ఎవరూ ముట్టుకోరు. మీరు లేనప్పుడు ఎవరైనా అందులో కూర్చోవచ్చు, మీరు రాగానే లేస్తారు. అదే అక్కడి ఒప్పందం.

వాన పడితే రద్దు చేస్తారా?

చేయరు. పిడుగులు పడుతుంటే ఆపుతారు, వాన ఒక్కటే అయితే నడుస్తుంది. గొడుగు వెనకవాళ్ళకి అడ్డం, రెయిన్‌కోటు కొనుక్కోండి. ఏప్రిల్‌లో కొండల్లో పగలు చెమట, రాత్రి చలి. స్వెటర్ వద్దనే పిల్లల మాట వినకండి.

ఒక వారాంతం కొండల్లో తిరుగుతూ వినాలి. ఎలా వెళ్ళమంటారు?

శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరి మూడు గంటల్లో వర్జీనియాలోని ఫ్లాయిడ్ చేరండి. ఫ్లాయిడ్ కంట్రీ స్టోర్‌లో శుక్రవారం రాత్రి జాంబొరీ. ముందు భక్తి పాటలు, తర్వాత నాట్యం. చెక్క నేల మీద బూట్లతో టకటకలాడిస్తూ తాతలు, మనవలు కలిసి ఆడతారు. వేసవిలో బయట కాలిబాట మీద కూడా నాలుగైదు వలయాలు వాయిస్తుంటాయి. శనివారం బ్లూ రిడ్జ్ పార్క్‌వే మీదుగా మైలు 213 దగ్గరి బ్లూ రిడ్జ్ మ్యూజిక్ సెంటర్‌కి రండి. సీజన్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు స్థానిక కళాకారులు ఉచితంగా వాయిస్తారు, కొన్ని శనివారాలు సాయంత్రం టికెట్ కచేరీ. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను తర్వాత పార్క్‌వే కొన్నిచోట్ల చాలాకాలం మూసేశారు, నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ళ రోడ్ల పటం చూసి వెళ్ళండి.

వర్జీనియాలోనే హిల్టన్స్‌లో ఉన్న కార్టర్ ఫ్యామిలీ ఫోల్డ్ అనే కచేరీ హాలు కూడా ఇదే ట్రిప్పులో ఇరికించాలని చూడకండి, ఇంకో రెండు గంటలు పడమరకి. దానికి విడిగా బ్రిస్టల్‌లో దిగండి. 1927లో రికార్డు కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అక్కడ చేసిన రికార్డింగుల్లోనే కార్టర్ కుటుంబం లోకానికి తెలిసింది, ఆ కథంతా మ్యూజియంలో ఉంది. శనివారం రాత్రి ఫోల్డ్‌లో కచేరీ. మందు లేదు, నాట్యం ఉంది.

ఆష్‌విల్ వైపు వెళ్ళేవాళ్ళకి వేసవి శనివారాల్లో 'షిండిగ్ ఆన్ ద గ్రీన్', 1967 నుంచి ఉచితం.

## నేర్చుకోవాలనుకుంటే

నలభై దాటాయి. ఇప్పుడు బాంజో మొదలుపెడితే వస్తుందా?

వస్తుంది. బాంజోని ఏమీ నొక్కకుండా మీటితేనే జి కార్డు పలుకుతుంది, కాబట్టి మొదటి వారంలోనే ఏదో వాయించిన తృప్తి దొరుకుతుంది. కష్టం ఆ తర్వాత మొదలవుతుంది: వేగం కాదు, లయ తప్పకుండా నెమ్మదిగా వాయించడం. తాళం వేసి పెరిగినవాళ్ళకి ఇది కొంచెం తేలిక. అపార్ట్‌మెంటులో ఉంటే బాంజో వెనక చర్మానికీ కడ్డీకీ మధ్య ఒక తువ్వాలు కుక్కండి, పక్కింటివాళ్ళు నిద్రపోతారు.

ఏ బాంజో కొనాలి?

ముందు బ్లూగ్రాసా, ఓల్డ్-టైమా తేల్చుకోండి. మొదటిదైతే రెజొనేటర్ ఉన్నది, రెండోదైతే వీపు ఖాళీది. ఏదైనా అయిదు తీగలదే. నాలుగు తీగల బాంజో వేరే సంగీతానిది, చవగ్గా దొరికిందని కొనేసి తర్వాత తల పట్టుకుంటారు. ఆన్‌లైన్లో వంద, నూటయాభై డాలర్లకి దొరికేవి చాలావరకు శ్రుతి నిలవవు. వాద్యాల కొట్లో అద్దెకి తీసుకుని మూడు నెలలు చూడండి. ఫిడిల్, మాండలిన్‌లకీ ఇదే సలహా.

పిల్లలకి ఎక్కడ నేర్పుతారు?

వేసవిలో పైన్‌కోన్ వాళ్ళ బ్లూగ్రాస్ క్యాంపులు చూడండి. కొండ జిల్లాల్లో 'జూనియర్ అపలాచియన్ మ్యూజిషియన్స్' అని 2000లో స్పార్టాలో మొదలైన కార్యక్రమం ఉంది, బడి అయ్యాక పిల్లలకి చెవితో విని నేర్చుకునే పద్ధతిలో చెబుతారు. కాగితం లేకుండా, గురువు వాయిస్తే శిష్యుడు అందుకునే ఆ పద్ధతి మన పిల్లలకి కొత్త కాదు.

ఎన్ని ట్యూన్లు వస్తే జామ్‌లో వాయించడానికి వెళ్ళొచ్చు?

గిటారు మీద జి, సి, డి కార్డులు తడుముకోకుండా మార్చగలిగితే ట్యూను ఒక్కటీ రాకపోయినా వెళ్ళొచ్చు. ఫిడిల్, మాండలిన్, బాంజో వాళ్ళు 'క్రిపుల్ క్రీక్', 'ఏంజలీన్ ద బేకర్' లాంటివి రెండు మూడు, సగం వేగంలో ఆగకుండా వాయించగలిగితే చాలు. ప్రకటనలో 'స్లో జామ్' అని ఉన్నవాటితో మొదలుపెట్టండి, అవి మీలాంటి వాళ్ళ కోసమే. క్లిప్ ట్యూనరు, శ్రుతి పెంచడానికి వాద్యపు మెడకి బిగించే క్యాపో మర్చిపోకండి. శ్రుతి కలపకుండా వచ్చినవాళ్ళని క్షమించే జామ్ మాత్రం నాకు ఎక్కడా తగల్లేదు.